నాలుగు గోళ్ల మొక్కు

నా కుడి చేతికి నాలుగు గోళ్లు పొడుగ్గా ఉంటాయి. బొటనవేలుది, చూపుడువేలుది, నడిమివేలుది, ఉంగరంవేలుది. కుడి చేతి చిటికెన వేలికీ, ఎడమ చేతి ఐదు వేళ్లకీ మాత్రం మొదలంటా కత్తిరించి ఉంటాయి. కొత్తవాళ్లు మొదట చెయ్యి చూస్తారు, తర్వాత ముఖం చూస్తారు, ఆ తర్వాత కొంచెం దూరం జరుగుతారు. బస్సులో సీటు విశాలంగా దొరకడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇదంతా గిటారు కోసం. కరీంనగర్‌లో మా మెథడిస్టు చర్చిలో మా బాపు, అంటే మా నాన్న, గిటారు వాయించేవాడు. ప్లాస్టిక్ ముక్క పట్టుకుని ఆరు తీగల మీదా ఒక్కసారే ఝాడించి కొట్టేవాడు. పాడేవాళ్లు దారి తప్పకుండా చూస్తే చాలు, గిటారు పని అయిపోయినట్టే ఆయన లెక్కలో. నాకు ఆ కొట్టుడు నచ్చలేదు. ఫోనులో వీడియోలు చూసి వేళ్లతో ఒక్కో తీగనూ మీటడం నేర్చుకున్నాను. బొటనవేలు లావు తీగల మీద నడక నడుస్తుంటే, మిగతా మూడు వేళ్లు సన్న తీగల మీద పాట పాడతాయి. పాడే మనిషి అక్కర్లేదు. ఒంటరిగా కూర్చుని ఇద్దరు ముగ్గురు మనుషులంత సందడి చెయ్యొచ్చు. కూడబెట్టుకున్న ఆస్తి అంటూ నాకు ఉంటే అదొక్కటే.

దానికి గోరు కావాలి. ఒట్టి కండతో మీటితే తీగ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. గోరు మరీ పెరిగితే తీగకు తట్టుకుని టకటకలాడుతుంది. అరచెయ్యి నా వైపు తిప్పుకుని చూస్తే వేలి కొస పైన గోరు ఒక బియ్యపు గింజ మందం కనపడాలి. తక్కువైతే పాట పోతుంది, ఎక్కువైతే గోరే పోతుంది. అందుకని రెండు రోజులకోసారి, పెయింటర్లు గోడలకు రుద్దే సన్న గరుకు కాగితం ముక్కతో కూర్చుని అరగదీసుకుంటాను. అన్నం తినే చెయ్యీ అదే కాబట్టి పప్పు, చారు, మామిడికాయ తొక్కు అన్నీ ఆ గోళ్ల కింద కాపురం పెట్టేవి. మా అవ్వ, కన్నతల్లిని మేం అలాగే పిలుస్తాం, చూసి చూసి ఒకరోజు కంచంలో చెంచా పడేసి, "తిను కలెక్టరమ్మా" అంది. చెంచాతో తొక్కన్నం తినడమంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. అయినా తిన్నాను.

ఆ తర్వాత నాకు ఇచ్చోడ సంబంధం కుదిరింది. మా ఆయన పత్తి జిన్నింగు మిల్లులో మెకానిక్కు. ఆయన చేతి గోళ్ల కింద ఎప్పుడూ నల్లటి గ్రీజే, కాబట్టి నా గోళ్ల గురించి నోరెత్తే అధికారం ఆయనకు లేదు. మామయ్య అప్పటికి దుబాయిలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది అత్తమ్మ. ఆమె చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఉపవాస ప్రార్థన అయినా, కోత పండుగ అయినా ఆమె చెయ్యెత్తనిదే మొదలు కాదు.

ఆదిలాబాద్ వైపు పొద్దూ మాపూ జొన్నరొట్టె ఉండాలి. వేడినీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద పెట్టి అరచేత్తో తట్టి తట్టి చందమామంత చెయ్యాలి. అత్తమ్మ తడుతుంటే వినబుద్ధయ్యేది. రెండు మెల్లగా, మూడు గబగబా, మధ్యలో గాజుల చప్పుడు, మళ్లీ రెండు మెల్లగా. ఒక్క దెబ్బ తాళం తప్పేది కాదు. నేను తడితే మాత్రం రొట్టె నిండా నెలవంకలు పడేవి. పల్చటి చోట నెలవంక పడితే అది చిల్లు. నా మొదటి రొట్టెను అత్తమ్మ కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"గిదేందే, పిట్ట పొడిచినట్టున్నది?"

నేను చెయ్యి చూపించాను, గిటారు సంగతి చెప్పాను. ఆమె నా ముఖం వంక చూసింది, మళ్లీ చిల్లుల్లోంచి కిటికీ వంక చూసింది.

"గిటారు తింటరా? రొట్టె తింటరా?" అంది.

నేను పట్టు వదలలేదు. ఎడమ చేత్తో తట్టాను, రొట్టె మహారాష్ట్ర పటంలా తయారైంది. ప్లాస్టిక్ కవరు మధ్యలో పిండి పెట్టి కంచం అడుగుతో అదిమాను. "ఇది రొట్టె గాదు, అప్పడం" అని ఆమె దాన్ని పక్కింటి బర్రెకు వేసింది. రెండేళ్లు ఇలాగే గడిచాయి. ఆఖరికి ఆమె ఓపిక అయిపోయింది.

"కోత పండుగ దాకా సూస్త. గప్పటికి గా గోర్లు తియ్యకుంటే నేనే కూసోబెట్టి తీస్త. సమాజం పెద్ద కోడలు గోర్లేసుకోని తిరుగుతుందంటే నాకు ఇజ్జత్ గాదు."

నాకు ఒళ్లు మండింది. గోళ్లు పోతే గిటారు పోతుంది, గిటారు పోతే ఆ ఇంట్లో నాదంటూ ఏమీ మిగలదు. ఆ మాట పైకి అనలేక గరుకు కాగితం పట్టుకుని గోళ్లను కసిగా రుద్దుకున్నాను. ఆ కోపంలో చూపుడువేలుది కాస్త ఎక్కువే అరిగింది.

అప్పుడు నేను ఇచ్చోడలోనే ఒక చిన్న బళ్లో టీచరుగా చేసేదాన్ని. అక్కడి రివాజు ప్రకారం సోమవారం ప్రార్థనలో పిల్లల గోళ్లు చూడాలి. ఆ డ్యూటీ నాకే వేశారు, దేవుడికి హాస్యం ఎక్కువ. కుడి చెయ్యి కొంగు కింద వీపు వెనక పెట్టుకుని, ఎడమ చేత్తో పిల్లల వేళ్లు పట్టుకుని, "గలీజు, గలీజు, రేపు కత్తిరించుకుని రా" అంటూ వరస వెంట వెళ్లేదాన్ని. మూడో తరగతి పిల్ల ఒకతె చేతులు రెండూ చాపి నిలబడి, "టీచర్, మీ గా చెయ్యి సూపియ్యరా?" అంది. నేను వినబడనట్టు జనగణమన అందుకున్నాను. ప్రార్థన మధ్యలో జాతీయగీతం మొదలయ్యేసరికి హెడ్మాస్టరుతో సహా అందరూ అటెన్షన్‌లో నిలబడిపోయారు.

ఆ పిల్ల మా పక్కింటామె మనవరాలు. అది నేను చూసుకోలేదు.

మర్నాడు పొద్దున పక్కింటామె వచ్చింది. ఆమె రాజన్న భక్తురాలు, ఏడాదికోసారి వేములవాడ శివుడి గుడికి పోయి మొక్కుగా కోడెను కట్టనిదే ఆమెకు తోచదు. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. అత్తమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నేను తలుపు వెనకే ఉన్నాను.

"అక్కా, మా మనుమరాలు చెప్పింది. టీచరమ్మ ఒక చెయ్యి దాస్తదట. నేనూ సూసిన. ఒక్క చేతికే గోర్లు, గవి గూడ నాలుగే. ఎందుకట్ల? ఏమన్నా జేస్తదా ఏంది?"

ఆ "ఏమన్నా జేస్తదా" అన్న మాటకు అత్తమ్మ చేతిలో చాట ఆగిపోయింది. మా వైపు పల్లెల్లో ఆ మాట చేతబడి దాకా పోతుందని అందరికీ తెలుసు. గిటారు కోసం అని చెబితే సరిపోయేది. కానీ కోడలు తీగలు మీటుకోవడానికి గోళ్లు పెంచుతోందంటే అది అంతకంటే నామోషీ అనుకుందో ఏమో, సమాజం పెద్ద తలెత్తి చెప్పింది.

"మొక్కు."

"అగ బాయీ! మొక్కా?" పక్కింటామె అక్కడే కూలబడింది. "మేం కోడె మొక్కినట్టు, మీకు గోర్ల మొక్కా?"

"అవ్. మాకు గట్ల గూడ ఉంటది."

"ఏమని మొక్కిండ్రు?"

అత్తమ్మ అంత దూరం ఆలోచించలేదు. పక్కింటామె ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా, "పిల్లల కోసమేనా?" అంది. అత్తమ్మ తల ఊపింది.

ఆ సాయంత్రం ఇంటి ప్రార్థనలో అత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఇయ్యాల నా నోట ఒక మాట జారింది. నీకు ఎరికే. జర నువ్వే సంబాళించు" అంది. మా ఆయనకు ఏమీ అర్థం కాక ఆమేన్ అన్నాడు. నేను అనలేదు. నా గోళ్లు చూసి నా కడుపు గురించి మాట్లాడుకునే హక్కు వీళ్లకు ఎవరిచ్చారని నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

ఆ కోపం వారం రోజులు కూడా నిలవలేదు. ఎందుకంటే మొక్కు గోరు విరగకూడదు. విరిగితే మొక్కు చెడిపోతుందని ఊరి ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే తీర్మానం చేశారు. నేను అంట్లు ముందేసుకుంటే పక్కింటామె గోడ మీది నుంచి, "వద్దు బిడ్డా, ఇరుగుతయ్!" అని కేకేసేది. చర్చి శుభ్రం చేసే రోజున నా చేతిలో చీపురు లాక్కున్నారు. పాస్టరమ్మ గారు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా పేరు చదివి, నా గోళ్ల క్షేమం కోసం కూడా ఒక మాట అడిగారు. కోత పండుగ వచ్చింది, పోయింది. అత్తమ్మ నెయిల్ కట్టరు మాటే ఎత్తలేదు, ఎత్తే వీలూ లేదు. తాను చెప్పిన అబద్ధానికి ఆమెకు పడిన శిక్ష పూటకు పన్నెండు రొట్టెలు. అన్నీ తానే తట్టుకోవాలి. పొయ్యి ముందు కూర్చుని నన్ను ఉరిమి చూస్తూ తట్టేది. నేను లోపల గదిలో గిటారు పట్టుకుని, ఆమె దెబ్బలకు సరిగ్గా తాళం కలుపుకుని వాయించుకునేదాన్ని. ఆమె చెయ్యి ఆపితే నేనూ ఆపేదాన్ని. ఒకసారి ఆమె కావాలనే ఒక దెబ్బ దాచి చూసింది. నా తీగ ఒక్కటే మోగి నేను దొరికిపోయాను.

ఒక శనివారం మా అవ్వను చూసి కరీంనగర్ నుంచి తిరిగి వస్తున్నాను. నిర్మల్ దగ్గర వాన మొదలైంది. బస్సు కిటికీ అద్దం బిగుసుకుపోయి రానంటే, బలం పెట్టి లాగాను. అద్దం వచ్చింది, ఉంగరంవేలి గోరు అడ్డంగా సగానికి పోయింది. ఆ గోరు ముక్క కోసం సీటు కింద వంగి వెతుకుతుంటే పక్కనాయన, "ఏం పడ్డదమ్మా, ముక్కుపుడకా?" అని తానూ వంగాడు. గోరు అని చెప్పలేక అవునన్నాను. నిర్మల్ నుంచి ఇచ్చోడ దాకా పాపం ఆ పెద్దమనిషి నా ముక్కుపుడక వెతుకుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి చూపిస్తే అత్తమ్మ ముఖం తెల్లబోయింది.

"రేపు ఆదివారం. అందరు సూస్తరు. మొక్కు గోరు ఇరిగిందంటే ఏమంటరో ఎరికేనా? దేవుడే వద్దన్నడు అంటరు. నీకు పిల్లలు గారని ఊరంత చాటింపేస్తరు."

గోరు విరిగితే గిటారు వాయించేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. టేబుల్ టెన్నిస్ బంతిని గోరు ఆకారంలో కత్తిరించి, గట్టి జిగురుతో అంటించి, గరుకు కాగితంతో అరగదీయడం. ఎడమ చేత్తో ఒక్కదాన్నే చేసుకోవడం కష్టం. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని, నా వేలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బంతి ముక్క పెట్టింది, జిగురు పిండింది, బొటనవేలితో గట్టిగా అదిమింది. పది లెక్కపెట్టి వదలమన్నాను. ఆమె భక్తిగా యాభై దాకా లెక్కపెట్టింది.

వదిలితే వేలు రాలేదు. ఆమె బొటనవేలు, నా ఉంగరంవేలు, మధ్యలో బంతి ముక్క, మూడూ ఒక్కటైపోయాయి. ఆమె లాగితే నేను అరిచాను, నేను లాగితే ఆమె యేసయ్యను పిలిచింది. అప్పుడే మిల్లు నుంచి వచ్చిన మా ఆయన, తల్లీ పెళ్లామూ చేతిలో చెయ్యి వేసుకుని కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కలిసిపోయిండ్రా?" అన్నాడు.

"అతుక్కపోయినం! వేడినీళ్లు తే, నూనె తే!" అని అరిచింది అత్తమ్మ.

గిన్నెలో వేడినీళ్లు, సబ్బు, కొబ్బరినూనె. ఇద్దరి చేతులూ అందులో. ఎటూ లేచి పోలేని స్థితిలో అరగంట. మొదటి పది నిమిషాలు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తర్వాత అత్తమ్మే అడిగింది.

"గీ గోరు లేకుంటే గది మోగదా?"

"మోగుతది అత్తమ్మా. గని గట్ల మోగది."

"చిటికెన ఏలుకు ఎందుకు లేదు?"

"గది మీటదు. ఊకెనే ఉంటది. ఎడమ చేతియి తీగలు నొక్కేటియి, గోరుంటే అడ్డం పడతది."

ఆమె నీళ్లలో మా వేళ్లను అటూ ఇటూ కదిపి చూసింది.

"నేను డోలక్ కొడుతుంటి, పెండ్లికి ముందు. క్రిస్మస్ పాటలకు నేను కొట్టందే కదలకపోతుండ్రి."

"ఎవలు వద్దన్నరు?"

"ఎవ్వలు వద్దనలే. రొట్టెలు కొట్టుకుంట కొట్టుకుంట మర్సిపోయిన."

నేను గిన్నెలో ఇంకాస్త నూనె పోశాను. అప్పుడే వేళ్లు ఊడాయి. బంతి ముక్క మాత్రం ఆమె బొటనవేలికే అంటుకుని వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆమె చింతగింజతో అదిమింది. మర్నాడు చర్చిలో నా గోరు వంక ఎవరూ అనుమానంగా చూడలేదు. అత్తమ్మ మాత్రం బొటనవేలికి గుడ్డ కట్టుకుని, రొట్టె కాలుస్తుంటే వేలు కాలిందని అందరికీ చెప్పింది. దేవుడికి చెప్పుకోవాల్సిన మాటల్లో ఇంకోటి చేరింది.

మరుసటి ఏడాది నాకు కూతురు పుట్టింది.

ఊరు పండగ చేసుకుంది. నా కూతురు పుట్టుకలో నాకూ మా ఆయనకూ ఏ పాత్రా లేదు, అంతా గోళ్లే చేశాయి. కరీంనగర్‌లో కాన్పయి, మూడో నెల పిల్లనెత్తుకుని ఇచ్చోడలో బస్సు దిగితే, ఆడవాళ్లు పిల్ల ముఖం కంటే ముందు నా చెయ్యి చూశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొక్కు తీరింది. తీరిన మొక్కు చెల్లించాలి. పుట్టెంట్రుకలు తీసినట్టు గోళ్లు తీసెయ్యాలి. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్న రోజే అదీ జరగాలని చర్చివాళ్లూ పక్కింటామే కలిసి నిర్ణయించేశారు. రెండు మతాల మధ్య అంత ఐక్యత నేను మళ్లీ చూడలేదు.

పిల్లకు స్నానం అత్తమ్మే పోసేది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద పిల్లను బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, శనగపిండి రుద్ది, వేడినీళ్లు పోసేది. "నువ్వు అవుతల కూసో" అనేది నన్ను. నా గోళ్లంటే భయం కాబోలు అనుకుని చిన్నబుచ్చుకునేదాన్ని. కూడిక రోజు పొద్దున పిల్లకు పాలిచ్చి పడుకోబెడుతుంటే చెంప మీద ఎర్రగా ఒక గీత కనిపించింది. సన్నటి రక్తపు చుక్క. ఏళ్ల తరబడి ఎవరెంత అన్నా వదలని గోళ్లు ఆ ఒక్క గీతతో నాకు అసహ్యమైపోయాయి. నేనే కత్తిరించేసుకుంటానని అనుకున్నాను, పిల్ల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. గీత చూసి ఏడ్చానో, గిటారు తలుచుకుని ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

ఆడవాళ్లంతా వచ్చారు. పక్కింటామె స్టీలు పళ్లెంలో బంతిపూలు పరిచి, మధ్యలో కొత్త నెయిల్ కట్టరు పెట్టుకుని తెచ్చింది. పాస్టరమ్మ గారు కీర్తన చదివారు. అత్తమ్మ స్నానం పోసి, గుడ్డలో చుట్టిన పిల్లను ఎత్తుకుని వచ్చేసరికి నేను చెయ్యి చాపాను. పక్కింటామె పిల్ల చెంప చూసి, "అయ్యో, గోరు గీరింది! మంచిదే, ఇయ్యాల పోతయ్" అంటూ కట్టరు తీసింది.

"ఆగుండ్రి" అంది అత్తమ్మ.

పిల్లను భుజాన వేసుకుని ముందుకు వచ్చింది. పిల్ల పిడికిలి విప్పి పక్కింటామె ముక్కు ముందు పెట్టింది.

"గిగో. గీరింది గీ గోర్లు. నా కోడలియి గావు. దానియి రుద్ది రుద్ది నున్నగ జేసినయి, గీరయి. రోజు నేనే సూస్తున్న."

తర్వాత పిల్లను రెండో భుజానికి మార్చుకుంది.

"ఇంకో మాట. మొక్కూ లేదు గిక్కూ లేదు. నేనే అబద్ధమాడిన. నా కోడలు గిటారు వాయిస్తది. గందుకే గోర్లు. గవి తియ్యద్దు."

పాస్టరమ్మ గారి చేతిలో బైబిలు మెల్లగా మూసుకుంది. పక్కింటామె కట్టరు వంకా, నా వంకా, పిల్ల వంకా చూసి ఆఖరికి అడిగింది.

"మరి గీ పిల్ల ఎట్ల పుట్టింది?"

"అందరు పుట్టినట్టే పుట్టింది" అంది అత్తమ్మ.

మొదట నవ్వింది పాస్టరమ్మ గారే. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. పక్కింటామె మాత్రం పళ్లెం పట్టుకుని కదల్లేదు. ఏడాదిన్నర పాటు ఏ గోళ్లను కాపాడిందో అవి చేసే పనేదో చూడనిదే పోనంది. నేను గిటారు తెచ్చుకున్నాను. చాలా రోజులకు ముట్టుకున్నాను కాబట్టి మొదట తడబడ్డాను. కాసేపటికి పక్కనుంచి రెండు మెల్లగా, మూడు గబగబా దెబ్బలు వినిపించాయి. అత్తమ్మ స్నానం బేసిను బోర్లించి కొడుతోంది. తల వంచుకుని, ఎవరి వంకా చూడకుండా, రొట్టె తట్టినట్టే కొట్టింది. పక్కింటామె బంతిపూలు నా మీద కొన్ని, ఆమె మీద కొన్ని చల్లి, కట్టరు మాత్రం కొంగున ముడేసుకుని తీసుకుపోయింది.

అందరూ తిని వెళ్లాక అత్తమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని వాకిట్లో కూర్చుంది. మా వైపు పసిపిల్లలకు గోళ్లు కత్తిరించరు, నాయనమ్మ పళ్లతో కొరికి తీస్తుంది. అత్తమ్మ ఎడమ చేతి ఐదు వేళ్లవీ ఒక్కొక్కటే కొరికి తీసింది. కుడి పిడికిలి విప్పి కాసేపు చూసింది. చిటికెన వేలిది కొరికింది. మిగతా నాలుగూ వదిలేసి, చెంప గీరుకోకుండా పిల్ల మేజోడు ఒకటి తెచ్చి ఆ చేతికి తొడిగింది.